ఆర్‌ఎక్స్ 100కి పల్సర్ వెనక వీల్: ఒక బండి పని మొదటినుంచి చివరిదాకా

యమహా ఆర్‌ఎక్స్ 100 బైకుకి బజాజ్ పల్సర్ అల్లాయ్ (స్పోకులు లేని పోత చక్రం) పడుతుందా అని అడిగేవాళ్లు నెలకు ఇద్దరు ముగ్గురైనా మా షాపుకు వస్తుంటారు. పడుతుంది. స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే చేతులు) మధ్యలోకి ఎలాగోలా దూర్చి యాక్సిల్ (చక్రం ఇరుసు) బిగిస్తే పట్టినట్టే కనిపిస్తుంది, ఫొటో కూడా బాగానే వస్తుంది. అసలు సంగతి రోడ్డెక్కాక బయటపడుతుంది. చైన్ ఒక పక్కకు గీసుకోవడం, బ్రేకు తొక్కితే టకటకమనడం, మూడో గేర్లో చెయ్యి వదిలితే బండి ఎడమకు లాగడం, ఇవన్నీ కొలత లేకుండా పెట్టిన వీల్ పనులే. ఈ మధ్య మా దగ్గర ఒక బండికి ఈ పని పూర్తిగా చేశాం కాబట్టి ఎక్కడ ఏం కొలిచాం, ఏం కోశాం, దేన్ని ముట్టుకోలేదు అన్నది రాసిపెడుతున్నా.

బండి తొంభైల మొదట్లోది. 1985లో మొదలై 1996లో ఆగిపోయిన మోడల్‌ని ఇంకా ఎందుకు పట్టుకు వేలాడతారని కొత్త కుర్రాళ్లు అడుగుతుంటారు గానీ, 98 సీసీలో 11 హార్స్ పవర్, బరువు వంద కేజీలు దాటీ దాటనట్టు ఉండే బండిని చెరువు గట్టు మీద ఒకసారి నడిపితే ఆ ప్రశ్న మళ్లీ అడగరు. ఓనరుకు ఒంగోలు దగ్గర కొత్తపట్నం వైపు రొయ్యల చెరువులున్నాయి. వెనక మేత బస్తా, ముందు ట్యాంకు మీద ఏదో ఒక సామాను, కింద ఉప్పునీటి తడి మట్టి. ఆయన్ని నేను బాబాయ్ అంటాను, మా నాన్న షాపు నడిపిన రోజుల నుంచీ ఇదే బండిని ఇక్కడికే తెస్తున్నాడు. ఈసారి కొడుకును కూడా వెంటబెట్టుకొచ్చాడు, ఆ అబ్బాయి ఫోన్లో అల్లాయ్ వేసిన ఆర్‌ఎక్స్ ఫొటోలు పెట్టుకుని రెడీగా ఉన్నాడు.

ఒరిజినల్ వీల్ పరిస్థితి ఇదీ. రిమ్ లోపలి వైపు, ట్యూబు ఆనే చోట, క్రోము మొత్తం లేచిపోయి తుప్పు పొరలు పొరలుగా ఊడుతోంది. స్పోకుల నిపుళ్లు (స్పోకు చివర బిగించే చిన్న నట్లు) రిమ్‌తో కలిసి ఒకటే ముక్క అయిపోయాయి, కీ పెట్టి తిప్పితే స్పోకే మెలి తిరుగుతోంది. అదొక్కటే అయితే కొత్త రిమ్ము, కొత్త స్పోకులు వేసి అల్లేవాళ్లం, ఇంత రాసే పనే లేదు. హబ్, అంటే చక్రం మధ్య దిమ్మ, పోయింది. బేరింగ్ కూర్చునే గాడి అరిగి బేరింగ్ చేత్తో తోస్తే లోపలికి జారిపోతోంది. అంతకుముందు ఎవరో ఆ గాడి చుట్టూ పంచ్‌తో చుక్కలు కొట్టి టైట్ చేశారు, అది కాక రేకు ముక్క ఒకటి చుట్టి పెట్టారు. ఈ చుక్కల వైద్యం చాలా షాపుల్లో ఉంది. వారమో పది రోజులో పట్టుకుంటుంది, ఆ తర్వాత చుక్కల తలలు అరిగిపోయి బేరింగ్ వెలుపలి రింగే గాడిలో తిరగడం మొదలుపెడుతుంది, దాంతో గాడి ఇంకా పెద్దదవుతుంది.

హబ్‌కి లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే మిషన్) మీద బుష్ వేయొచ్చు, నిజమే. గాడిని పెద్దది చేసి ఉక్కు రింగు నొక్కి, దాన్ని బేరింగ్ సైజుకు బోర్ చేస్తారు. ఈ హబ్‌లో గాడి చుట్టూ గోడ అప్పటికే పల్చగా ఉంది, బ్రేకు షూలు రాసుకునే డ్రమ్ లోపల కూడా గట్టు పడి ఉంది, అంటే డ్రమ్ కూడా లోపల టర్నింగ్ పట్టాలి. రెండూ చేశాక మిగిలే లోహం మీద మేత బస్తా వేయడం నాకు నచ్చలేదు. సెకండ్‌హ్యాండ్ ఒరిజినల్ హబ్ కోసం ఒంగోలులోనూ నెల్లూరులోనూ వెతికించాం. దొరికినవన్నీ ఇదే జబ్బువి, ధర మాత్రం ఆర్‌ఎక్స్ అన్న పేరుకు తగ్గట్టు. కొత్తవని అమ్మే డూప్లికేట్ హబ్ ఒకటి చూశాం, బేరింగ్ గాడులు రెండూ ఒకే కేంద్రంలో లేవు, లోపల రాడ్ పెట్టి తిప్పితే కంటికే తెలిసిపోయింది.

అప్పుడు అబ్బాయి మాట దగ్గరికి వచ్చాం.

“అన్నా, పల్సర్ 150 వెనక వీల్ వేద్దాం, టైరు 120ది వేద్దాం” అన్నాడు.

“వీల్ సంగతి చూద్దాం నాయనా, టైరు సైజు నువ్వూ నేనూ చెప్పేది కాదు, చైన్ చెప్తుంది” అన్నా.

పల్సర్ 150 వీల్‌ని ఒప్పుకోవడానికి నాకు కారణాలున్నాయి. బ్రేకు డ్రమ్ 130 మిల్లీమీటర్లు, ఆర్‌ఎక్స్‌దీ అంతే, కాబట్టి బ్రేకు బలం తగ్గదు. చైన్ సైజు రెండింటికీ 428. ఇది ముఖ్యం. 428 చైన్ పిచ్ (పక్కపక్క పిన్నుల మధ్య దూరం) 12.7 మిల్లీమీటర్లు, పెద్ద పల్సర్లకు వచ్చే 520 చైన్‌ది 15.875, అలాంటి వీల్ తెస్తే స్ప్రాకెట్ (చైన్ పట్టే పళ్ల చక్రం) మొత్తం మార్చుకోవాలి. 420 చైన్ బండి వీల్ అయితే ఇంకో తంటా, పిచ్ ఒకటే 12.7 కాబట్టి కుదిరినట్టే ఉంటుంది గానీ దాని లోపలి వెడల్పు 6.35, 428ది 7.94, పన్ను పల్చగా ఉండి చైన్ పక్కలకు ఆడుతుంది. స్పీడో మీటర్ ముందు వీల్ నుంచి నడుస్తుంది కాబట్టి వెనక ఏం మార్చినా మీటరుకు సంబంధం లేదు. పార్టులు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. కొత్తపట్నంలో ఆగినా సింగరాయకొండలో ఆగినా బ్రేకు షూ దొరుకుతుంది.

ఇష్టం లేని కారణం కూడా చెప్తా. స్పోకుల వీల్‌లో రిమ్‌ని స్పోకులతో అటూ ఇటూ లాగి మధ్యకు తెచ్చుకోవచ్చు, నాలుగైదు మిల్లీమీటర్ల తేడా అయితే అల్లేవాడి చేతిలోనే సర్దుకుపోతుంది. అల్లాయ్‌లో ఆ అవకాశం లేదు. హబ్ ఎక్కడుంటే రిమ్ అక్కడ. అందుకే అల్లాయ్ వేసేటప్పుడు రిమ్‌ని ముందు మధ్యలో నిలబెట్టి, ఆ తర్వాత స్ప్రాకెట్‌ని చైన్ లైను దగ్గరికి తెచ్చుకోవాలి. చాలామంది తిరగేసి చేస్తారు, చైన్ సూటిగా వచ్చేలా వీల్‌ని ఒక పక్కకు నెట్టి బుష్‌లు వేసేస్తారు, చైన్ బాగానే తిరుగుతుంది, బండి మాత్రం ముందు వీల్ ఒక దారి వెనక వీల్ ఒక దారి అన్నట్టు పోతుంది. గట్టు మీద వెళ్లే బండికి అది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

కాబట్టి పాత వీల్ విప్పకముందే కొలతలు తీసుకున్నాం. బండిని మెయిన్ స్టాండ్ మీద నిటారుగా నిలబెట్టి, రిమ్ అంచు నుంచి స్వింగ్ ఆర్మ్ రెండు చేతుల లోపలి ముఖాలకు ఎడమా కుడీ ఎంత గ్యాప్ ఉందో రాసుకున్నాం. ముందు వీల్ నుంచి వెనక వీల్ దాకా రెండు వైపులా దారం లాగి చూశాం, ఫ్రేము వంకర లేదని అక్కడ తేలింది. పాత బండికి ఇది తప్పనిసరి, ఎప్పుడో ఒకప్పుడు పడి స్వింగ్ ఆర్మ్ వంగిన బండికి ఎంత కొలిచి పెట్టినా వీల్ వంకరగానే ఉంటుంది, నింద మాత్రం కొత్త వీల్ మీదకు పోతుంది. తర్వాత ఇంజిన్ పక్క కవర్ తీసి, ముందు స్ప్రాకెట్ ముఖానికి సూటి పట్టీ ఆనించి వెనక్కి చాచాం. ఆ పట్టీ వెనక స్ప్రాకెట్ పక్కన ఎక్కడ పడుతుందో స్వింగ్ ఆర్మ్ మీద గీత గీసుకున్నాం. ఈ గీతే ఇక్కడనుంచి అన్నిటికీ ఆధారం.

వీల్ సెకండ్‌హ్యాండ్ స్పేర్ పార్టుల షాపులో దొరికింది. అల్లాయ్ కొనేటప్పుడు రంగు చూడొద్దు, యాక్సిల్‌లో రాడ్ దూర్చి రెండు చెక్కల మీద పెట్టి తిప్పండి, రిమ్ అంచు దగ్గర ఒక వైరు ముక్క కదలకుండా కట్టి గ్యాప్ మారుతుందేమో చూడండి. హబ్ దగ్గర చేతులు మొదలయ్యే మూలల్లో పెయింట్ కింద వెంట్రుకంత గీత కనిపించినా వదిలేయండి. వంగిన అల్లాయ్‌ని వేడి చేసి నొక్కి సరిచేస్తామని చెప్పేవాళ్లు ఉంటారు, వెనక బస్తా మోసే బండికి అలాంటిది నేనైతే వేయను. ఇంకొక మాట, వీల్‌తో పాటు లోపలి మధ్య గొట్టం, స్ప్రాకెట్ బిగించే డ్రమ్, దాని రబ్బర్లు, బ్రేకు ప్లేటు, అన్నీ కలిపి ఒకే బండివి తీసుకోండి. మధ్య గొట్టం చాలా వీల్స్‌లో ఉండదు, ఎవడో తీసేసి ఉంటాడు. రెండు బేరింగుల లోపలి రింగుల మధ్య నిలబడి ఉండేది అదే. అది లేకుండా యాక్సిల్ నట్టు బిగిస్తే లోపలి రింగులు ఒకదాని వైపు ఒకటి నొక్కుకుని, బాల్స్ పక్క నుంచి ఒత్తిడి పడి, బేరింగ్ వేడెక్కి కొద్ది రోజుల్లోనే కరకరమంటుంది. కొత్త బేరింగ్ వేసినా అంతే. బేరింగ్ కంపెనీని తిట్టుకునేవాళ్లలో సగం మంది బండ్లలో ఈ గొట్టం లేకపోవడమో, పొట్టిగా ఉండటమో నేను చూశాను.

ఇప్పుడు యాక్సిల్. ఆర్‌ఎక్స్ యాక్సిల్ లావు 12 మిల్లీమీటర్లు, ఈ వీల్‌లో ఉన్న బేరింగుల బోరు (లోపలి రంధ్రం) 15. ఇక్కడ అందరికీ వచ్చే మొదటి ఆలోచన బేరింగ్ మార్చేద్దామని. కుదరదు. 15 బోరులో 6202 నంబరు బేరింగ్‌కి వెలుపలి వ్యాసం 35, 6302కి 42. 12 బోరులో 6201కి 32, 6301కి 37. వెలుపలి సైజు ఒక్కటీ కలవదు. రెండో ఆలోచన, లావు యాక్సిల్ వేసి స్వింగ్ ఆర్మ్ చివర గాడిని ఫైలుతో పెద్దది చేయడం. దీనికి నేను పూర్తిగా వ్యతిరేకం. ఆ గాడి పైనా కిందా ఉన్న లోహమే యాక్సిల్‌ని పట్టుకునేది, పైగా చైన్ అడ్జస్టర్లు పాత యాక్సిల్ సైజువి, వాటినీ తొలవాలి. ఒకసారి కోశాక పాత వీల్ మళ్లీ పెట్టుకోవాలన్నా పెట్టలేం.

మూడో దారి టోపీ బుష్. చివర టోపీ అంచులా గట్టు ఉన్న గొట్టం లాంటి తొడుగు. దాని మెడ 15 వెలుపల, 12 లోపల, అంటే గోడ ఒకటిన్నర మిల్లీమీటరు. మెడ బేరింగ్ బోరులోకి పోతుంది, గట్టు బేరింగ్ లోపలి రింగు ముఖానికి ఆనుతుంది, బుష్ రెండో చివర స్వింగ్ ఆర్మ్‌కి ఆనుతుంది. గోడ పల్చన కదా విరగదా అని అడుగుతారు. యాక్సిల్ నట్టు బిగిశాక బుష్, బేరింగ్ రింగు, మధ్య గొట్టం, ఇంకో రింగు, ఇంకో బుష్ అన్నీ కలిసి ఒకే దుంగలా బిగుసుకుపోతాయి. మెడ చేసే పని బేరింగ్‌ని యాక్సిల్‌కి సరిగ్గా మధ్యలో ఉంచడం, బరువు దాని మీద నొక్కుడుగానే పడుతుంది. షరతు ఒక్కటే, మెడ బేరింగ్‌లో ఊగకూడదు. బొటనవేలితో నొక్కితే మెల్లగా లోపలికి పోవాలి, తలకిందులు చేస్తే జారి పడకూడదు. మామూలు ఇనుప రాడ్డు కాకుండా ఈఎన్ 8 రకం ఉక్కు రాడ్డుతో చేయించాం. గ్రానైట్ మెషిన్ల పనులు చేసే లేత్ షాపులో ఇచ్చాం, వాళ్లకు ఇలాంటి సైజులు చిన్నపిల్లల ఆటే, కాకపోతే మన చిన్న పనికి వాళ్ల దగ్గర సమయం దొరకబుచ్చుకోవడమే టెన్షన్.

బుష్‌ల పొడవు తేల్చడానికి వీల్‌ని ఖాళీగా స్వింగ్ ఆర్మ్ మధ్యలో పెట్టి చూశాం. పల్సర్ సొంత బుష్‌లతో మొత్తం పేర్పు ఆర్‌ఎక్స్ లోపలి వెడల్పు కంటే 9 మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చింది. స్వింగ్ ఆర్మ్‌ని వెడల్పు చేసి దూర్చేవాళ్లూ ఉన్నారు, జాకీ పెట్టి చాపుతారు. అలా చాపిన ఆర్మ్ రెండు చివరలూ సమాంతరంగా ఉండవు, యాక్సిల్ ఏటవాలుగా కూర్చుంటుంది. మేం బుష్‌లనే తగ్గించుకున్నాం. ముందు తీసుకున్న రిమ్ కొలతల ప్రకారం రిమ్ నడిమధ్యకు వచ్చేలా ఎడమ 5, కుడి 4 తగ్గించాం. బిగించకముందు పేర్పు స్వింగ్ ఆర్మ్‌లోకి సుత్తి లేకుండా చేత్తో జారాలి, బిగించాక ఆర్మ్ లోపలికి వంగకూడదు. నట్టు బిగించేటప్పుడు ఆర్మ్ కదులుతోందంటే బుష్ పొట్టిగా ఉన్నట్టు.

రిమ్ మధ్యలో నిలబడింది. ఇప్పుడు మన గీత దగ్గరికి వద్దాం. స్ప్రాకెట్ ఆ గీత కంటే 4 మిల్లీమీటర్లు బయటికి ఉంది. ఇది ఎదురుచూసిందే, పల్సర్‌కి లావు టైరు వస్తుంది కాబట్టి దాని చైన్ దారి కూడా కొంచెం బయటికే ఉంటుంది. స్ప్రాకెట్ నట్లు కూడా స్వింగ్ ఆర్మ్ లోపలి ముఖాన్ని దాదాపు తాకుతున్నాయి. నాలుగు మిల్లీమీటర్లే కదా, చైన్ సర్దుకుంటుందిలే అనేవాళ్లకు: ఒక మిల్లీమీటరు తేడా నేనూ పట్టించుకోను. నాలుగు అంటే ప్రతి పన్ను పక్క భాగం చైన్ పట్టీ లోపలి వైపుని చెక్కుతూనే ఉంటుంది, మెరుస్తూ ఉంటుంది, అరుస్తుంది, కొత్త చైన్ స్ప్రాకెట్ కిట్టు నాలుగు నెలలు రాదు.

ముందు స్ప్రాకెట్‌ని బయటికి జరపడం ఒక మార్గం. ఆ షాఫ్ట్ మీద అంత చోటు లేదు, స్ప్రాకెట్ స్ప్లైన్ (షాఫ్ట్ మీది గాళ్లు) సగం మీద నిలబడితే ఇంజిన్ షాఫ్ట్‌కే ఎసరు. అందుకని వెనకే సర్దాం. స్ప్రాకెట్ కూర్చునే డ్రమ్ (బ్రేకు డ్రమ్ కాదు) ముఖాన్ని లేత్ మీద 2.5 మిల్లీమీటర్లు తీశాం, అక్కడ అల్యూమినియం దళసరిగానే ఉంది, తీశాక కూడా స్టడ్ల (స్ప్రాకెట్ నట్లు ఎక్కే బోల్టుల) చుట్టూ తగినంత మిగిలింది. మిగతా 1.5 స్ప్రాకెట్ లోపలి వైపు, డ్రమ్‌కి ఆనే చోట మాత్రం గుండ్రంగా తీశాం. స్ప్రాకెట్‌కి పళ్ల దగ్గరే గట్టితనం ఉంటుంది, మధ్య భాగం మామూలు ఉక్కే, లేత్ టూలుకు లొంగుతుంది. రెండూ కలిపి నాలుగు. గీత మీద పట్టీ పెడితే స్ప్రాకెట్ ముఖం మీద పడుకున్నట్టు ఆనింది.

ఇక్కడ ఒక చిన్న విషయం ఉంది, దాన్ని దగ్గరగా చూడకపోతే పెద్ద గొడవవుతుంది. డ్రమ్ ముఖం, స్ప్రాకెట్ రెండూ తగ్గాయి కాబట్టి స్టడ్లు ఇప్పుడు నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ బయటికి వస్తాయి. స్టడ్ అడుగున దారం లేని నున్నటి భాగం కొంత ఉంటుంది. నట్టు బిగిస్తూ పోతే ఆ దారం చివరికి తగిలి ఆగిపోతుంది, స్పానర్‌కి గట్టిగానే తెలుస్తుంది, బిగిసిందనుకుంటాం, కింద స్ప్రాకెట్ మాత్రం వదులుగానే ఉంటుంది. దీన్ని పట్టుకోవడానికి నట్టు బిగించాక స్ప్రాకెట్‌కీ డ్రమ్‌కీ మధ్య సన్నటి బ్లేడు దూర్చి చూస్తాం. దూరింది. ప్రతి నట్టు కింద దళసరి వాషర్ వేసి మళ్లీ బిగిస్తే బ్లేడు ఎక్కడా పోలేదు. తర్వాత కొత్త లాక్ ప్లేట్లు వేసి చెవులు మడిచాం. హబ్ రబ్బర్లు కొత్తవి వేశాం, ఎందుకంటే పాతవి చేత్తో నొక్కితే పొడి రాలుతోంది.

పళ్ల సంగతి. ఆర్‌ఎక్స్ సొంత స్ప్రాకెట్ కంటే దీనికి పళ్లు ఎక్కువ. వెనక నలభై దరిదాపుల్లో పళ్లుంటే ఒక పన్ను పెరిగినప్పుడల్లా లాగుడు రెండున్నర శాతం దాకా పెరుగుతుంది, టాప్ గేరులో అదే స్పీడుకు ఇంజిన్ అంత ఎక్కువ తిరుగుతుంది. బైపాస్ మీద వేగంగా పోయేవాడికి ఇది చికాకే. బస్తా వేసుకుని మట్టి గట్టు ఎక్కే బాబాయ్‌కి లాభమే, ముందు స్ప్రాకెట్ జోలికి పోలేదు. చైన్ మాత్రం పొడవు మారింది, కొత్తది తెచ్చి లింకులు లెక్కచూసుకుని కోశాం, అడ్జస్టర్ గాడిలో యాక్సిల్ సగం కంటే ముందే ఉండేలా చూసుకున్నాం. చైన్ సాగినకొద్దీ వెనక్కి జరపడానికి చోటు కావాలి కదా.

టైరు దగ్గర అబ్బాయికీ నాకూ కాసేపు నడిచింది. వీల్‌కి మామూలుగా వచ్చేది 100/90-17 (వెడల్పు 100 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 90 శాతం, రిమ్ 17 అంగుళాలు). అది ఎక్కించి చూస్తే చైన్‌కీ టైరు పక్కకీ మధ్య గ్యాప్ మూడు మిల్లీమీటర్లు. ఎందుకంటే స్ప్రాకెట్‌ని మనం లోపలికి తెచ్చాం. గుంతలో పడ్డప్పుడు చైన్ పైకీ కిందకీ కొట్టుకుంటుంది, పక్కకు కూడా ఊగుతుంది, మూడు సరిపోదు. 90/90-17 వేస్తే ఒక్కో పక్క ఐదు కలిసి ఎనిమిది వచ్చింది. 120 టైరు అయితే చైన్ టైరు లోపల నుంచి పోవాలి.

“చూశావా, చెప్పానా చైన్ చెప్తుందని” అంటే, “అయితే వీల్ సన్నగా కనిపిస్తదన్నా” అని మొహం మాడ్చాడు. బాబాయ్ మాత్రం “సన్నగా ఉంటే ఏందిరా, నువ్వు దాని మీద పడుకుంటావా” అని ఒక్క మాటతో తేల్చేశాడు.

17 అంగుళాలకు వస్తే బండి కిందకు కూర్చుంటుందేమో అన్న భయం చాలామందికి ఉంటుంది. లెక్క వేసి చూడండి. 17ని 25.4తో గుణిస్తే 431.8. 90/90 అంటే టైరు ఎత్తు 90లో 90 శాతం, 81, పైనా కిందా కలిపి 162. మొత్తం 593.8 మిల్లీమీటర్లు. ఆర్‌ఎక్స్ 2.75-18 టైరు మొత్తం ఎత్తు ఇంచుమించు 600. అంటే యాక్సిల్ దగ్గర తగ్గేది మూడు నాలుగు మిల్లీమీటర్లే, టైరు అరుగుదలలో కలిసిపోయే తేడా. 100/90-17 వేసి ఉంటే 611.8 వచ్చి పాతదాని కంటే ఎత్తే అయ్యేది. సైడ్ స్టాండ్, మెయిన్ స్టాండ్ రెండూ ముట్టుకోనక్కర్లేకపోయింది. టైరులోకి ట్యూబు వేశాం. అల్లాయ్ అయినంత మాత్రాన ట్యూబ్‌లెస్ కాదు, టైరు అంచు జారకుండా పట్టే చిన్న గట్టు రిమ్ లోపల ఉండాలి, ఈ పాత రిమ్‌లో అది లేదు.

బ్రేకు దగ్గరికి వస్తే నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే టూ స్ట్రోక్ బండికి యాక్సిలరేటర్ వదిలితే ఇంజిన్ పట్టు పెద్దగా ఉండదు, ఆపాల్సింది బ్రేకే. రెండు డ్రమ్ములూ 130 కదా అని ఆర్‌ఎక్స్ బ్రేకు ప్లేటునే పల్సర్ డ్రమ్‌లో పెట్టి వదిలేసిన బండ్లు చూశాను. ప్లేటు అంచు లోతు వేరు, షూ వెడల్పు వేరు, ప్లేటు డ్రమ్‌కి గీసుకోవడమో, గ్యాప్ ఎక్కువై దుమ్మూ నీళ్లూ పోవడమో జరుగుతుంది. మేం వీల్‌తో వచ్చిన ప్లేటే వాడి, షూలు కొత్తవి వేశాం.

ప్లేటు తిరగకుండా స్వింగ్ ఆర్మ్‌కి పట్టుకునే రాడ్డు ఉంటుంది, టార్క్ రాడ్. మార్పు చేసిన బండ్లలో అన్నిటికంటే భయపెట్టేది ఇదే. పాత రాడ్డు పొడవు చాలదు, కొందరు బైండింగ్ వైరు చుట్టి కూడా వదిలేస్తారు. బ్రేకు తొక్కినప్పుడు టైరు మీద రోడ్డు లాగే బలం యాక్సిల్ నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది, టార్క్ రాడ్ బోల్టు ఉన్నది దాదాపు 10 సెంటీమీటర్ల దూరంలో. అంటే రోడ్డు దగ్గరి బలానికి మూడింతలు ఆ బోల్టు మోయాలి. అది ఊడితే ప్లేటు చక్రంతో పాటు గిర్రున తిరిగి బ్రేకు రాడ్డుని మెలిపెట్టి వీల్‌ని అక్కడికక్కడే పట్టేస్తుంది. 25 వెడల్పు, 6 దళసరి ఇనుప పట్టీతో కొత్త రాడ్డు చేయించాం, స్వింగ్ ఆర్మ్‌కి ఉన్న కంపెనీ చెవికే బిగించాం, వెల్డింగ్ ఎక్కడా లేదు. బోల్టులు 8 మిల్లీమీటర్లవి, తల మీద 8.8 అని ఉన్నవి, రెండు చివరలా స్ప్లిట్ పిన్. చైన్ జరిపినప్పుడల్లా ముందు ఈ నట్టు వదులు చేసి, తర్వాత బిగించి పిన్ వేయాలని బాబాయ్‌కి రెండుసార్లు చెప్పి, కొడుకుతో విప్పించి బిగించి చూపించమన్నాను.

బ్రేకు లివర్‌ని స్ప్లైన్ మీద ఒక పన్ను వెనక్కి జరిపి పెట్టాం. షూ డ్రమ్‌కి తగిలే సమయానికి లివర్‌కీ రాడ్డుకీ మధ్య మూల దాదాపు 90 డిగ్రీలు ఉండాలి, అప్పుడే తొక్కిన బలం పూర్తిగా పనిచేస్తుంది. ముందుకే వాలిపోయి ఉంటే పెడల్ గట్టిగా ఉన్నట్టు అనిపిస్తుంది, బండి ఆగదు.

చైన్ లూజు సీటు మీద ఎవరూ లేకుండా పెడితే సరిపోదు. ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ పివట్ (ఆర్మ్ ఊగే ఇరుసు), వెనక యాక్సిల్ మూడూ ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైన్ అన్నిటికంటే బిగుతుగా ఉంటుంది. అందుకని షాక్‌లు కింది బోల్టు విప్పి ఆర్మ్‌ని ఆ స్థానానికి ఎత్తి, అక్కడ కొద్దిగా లూజు ఉండేలా చూసి, మళ్లీ షాక్‌లు కట్టాం.

కొత్తపట్నం రోడ్డు మీద మొదట ఖాళీగా, తర్వాత వెనక బస్తా పెట్టి తిప్పాం. చేతులు వదిలితే సూటిగానే పోయింది. తిరిగొచ్చాక డ్రమ్ మీద, హబ్ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉన్నాయి, బేరింగ్ పక్క ఒత్తిడి ఉంటే హబ్ అంతకంటే వేడిగా ఉండేది. చైన్ లోపలి పట్టీల మీద ఒక పక్కే మెరుపు పడిందేమో టార్చి వేసి చూశాం, లేదు. ఒక చోట మాత్రం చైన్ కవర్ లోపల గీసిన గుర్తు కనిపించింది, కవర్ బోల్టు దగ్గర వాషర్ వేసి బయటికి జరిపితే పోయింది. నెల తిరిగాక బండి మళ్లీ వచ్చింది, స్ప్రాకెట్ నట్లకు స్పానర్ పెట్టి చూశాం, లాక్ ప్లేట్లు మడత మీదే ఉన్నాయి.

ఖర్చు సంగతి సూటిగా చెప్తా, వీల్ కంటే లేత్ పని, చిల్లర సామాన్లు, కూలీ కలిపి ఎక్కువయ్యాయి. వీల్ చవగ్గా దొరికింది కదా అని దిగేవాళ్లు ఇది లెక్కలో పెట్టుకోవాలి. మంచి ఒరిజినల్ హబ్ దొరికితే స్పోకుల వీల్ అల్లించుకోవడమే చవక, గుంతల రోడ్డుకు అదే మేలు.

ఇంకొకటి, పని మొదలుపెట్టకముందే బాబాయ్‌కి చెప్పింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత 182ఎ కింద ఓనరుకు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. 15 ఏళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్ ఉంటుంది, అక్కడ ఇన్‌స్పెక్టర్ చూస్తాడు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ దగ్గర పేచీ రావొచ్చు. రవాణా ఆఫీసులో ముందే అడిగి తెలుసుకోమన్నాను. ఫ్రేము మీదా స్వింగ్ ఆర్మ్ మీదా ఒక్క కోత, ఒక్క వెల్డింగ్ లేకుండా చేయడానికి ఇదీ ఒక కారణం. పాత యాక్సిల్ బండి మీదే ఉంది. పాత బుష్‌లు, బ్రేకు ప్లేటు, టార్క్ రాడ్ అన్నీ నూనె రాసి సంచిలో కట్టి ఇచ్చాం, మంచి హబ్ ఎప్పుడు దొరికినా స్పోకుల వీల్ అల్లి ఒక పూటలో వెనక్కి మార్చేయొచ్చు.

ఈ బండి చూసి ఇంకో ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు, యమహా ఎఫ్‌జెడ్ వీల్ వేయమని. దాని వెనక టైరు 140/60-17. ఆర్‌ఎక్స్ స్వింగ్ ఆర్మ్‌లో దానికి చోటూ లేదు, చైన్‌కి దారీ లేదు, ఆర్మ్ మార్చాలి, ఆర్మ్ మారిస్తే షాక్‌లు, పివట్, ముందు స్ప్రాకెట్ అన్నీ కదులుతాయి. ఆ పని మా షాపులో చేయం అని చెప్పి పంపించాను.